బ్రుగ్మాన్సియా: మా వీధిలో ప్రతి గేటు దగ్గరా ఉంది, అడవిలో మాత్రం ఒక్కటీ లేదంట

కొండగాలి (బొగోటా):
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద కొలంబియా వచ్చి మూడేళ్లయింది, బొగోటాలో ఉంటున్నా. ఊరు దాదాపు 2,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి ఏడాది పొడుగునా చలే, మధ్యాహ్నం కూడా స్వెట్టర్ వేసుకునే తిరుగుతాం. మా వీధిలో చాలా ఇళ్ల ముందు మనిషికి రెండింతలు ఎత్తు పెరిగిన పొద ఒకటి కనిపిస్తుంది, దానికి జానెడు పైన పొడుగున్న పూలు వందల్లో కిందకి వేలాడుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు మన ఉమ్మెత్త ఏంటి తలకిందులుగా పూసింది అనుకున్నా. ఇక్కడ దీన్ని బొర్రాచెరో అంటారు. స్పానిష్‌లో బొర్రాచో అంటే తాగి ఉన్నవాడు, లోపలికి పోతే మనిషికి ఒళ్లు తెలియకుండా చేస్తుందని ఆ పేరు. అసలు పేరు బ్రుగ్మాన్సియా.

పోయిన వారం ఇక్కడి బొటానికల్ గార్డెన్‌కి వెళ్తే మాకు చూపిస్తున్న గైడ్ ఈ పొద దగ్గర ఆగి, ఇది అడవిలో అంతరించిపోయింది అన్నాడు. నాకు స్పానిష్ సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ అడిగా, అదే మాట చెప్పాడు. ఇంటికొచ్చి ఐయూసీఎన్ రెడ్ లిస్ట్, అంటే ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంతర్జాతీయ జాబితా, తీసి చూశా. బ్రుగ్మాన్సియాలో ఏడు జాతులు ఉంటే ఏడింటికి ఏడూ "అడవిలో అంతరించినవి" అనే వర్గంలోనే ఉన్నాయి. రోజూ ఆఫీసుకి పోయేటప్పుడు భుజానికి తగిలే పువ్వు, సొంత అడవిలో ఒక్క మొక్క కూడా లేకుండా ఇలా ఇళ్ల గేట్ల దగ్గర బతుకుతోందంటే రెండు రోజులు మనసు మనసులో లేదు. ఎవరికైనా దీని గురించి తెలుసా?

మల్లెపందిరి (హైదరాబాద్):
అయ్యో, మా మేడ మీద కుండీలో ఉన్నది ఇదే కదా! నర్సరీలో ఏంజెల్స్ ట్రంపెట్ అని ఇచ్చారు, నాలుగేళ్లయింది. ఎండాకాలం ఆకులన్నీ వేలాడేసి ఇక పోయిందిరా అనిపిస్తది, మళ్లా నవంబర్ వచ్చేసరికి మొగ్గలు పెడతది. ప్రతి నర్సరీలో దొరికే మొక్క అంతరించిందంటే నాకు అర్థం కావట్లేదు, కొంచెం ఎవరన్నా వివరంగా చెప్పండి.

బోటనీ_మాస్టారు:
మంచి విషయం ఎత్తారు. ముప్పై ఏళ్లు పిల్లలకి వంకాయ కుటుంబం పాఠం చెప్పినవాణ్ణి, నాకు తెలిసినంత రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

వంకాయ, టమాటా, మిరప, పొగాకు, ఉమ్మెత్త, ఇవన్నీ ఒకే కుటుంబం, ఇదీ అందులోదే. 1753లో లిన్నేయస్ దీన్ని ఉమ్మెత్తల్లోనే కలిపేసి చెట్టు ఉమ్మెత్త అనే అర్థం వచ్చేలా డట్యూరా అర్బోరియా అని పేరు పెట్టాడు. 1805లో పెర్సూన్ అనే ఆయన దీన్ని విడదీసి, బ్రుగ్మాన్స్ అనే డచ్ శాస్త్రవేత్త పేరు మీద కొత్త ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) చేశాడు. ఆ తర్వాత కూడా నూటయాభై ఏళ్ల పైన రెండూ ఒకటేనా వేరా అని తగువు నడుస్తూనే ఉంది. 1973లో హార్వర్డ్‌లో టామీ లాక్‌వుడ్ చేసిన పరిశోధనతో వేరే అన్న మాట గట్టిపడింది.

మనం చూసి గుర్తుపట్టాలంటే తేలికే. ఉమ్మెత్త మెత్తటి కాండంతో సాధారణంగా మనిషి ఎత్తు లోపే పెరుగుతుంది, పువ్వు ఆకాశం వైపు చూస్తుంది, కాయకి ముళ్లుంటాయి, ఎండితే పగిలి గింజలు రాల్తాయి. బ్రుగ్మాన్సియాకి కాండం కట్టెలా గట్టిపడుతుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది, పువ్వు నేల వైపు చూస్తుంది, కాయ నున్నగా ఉంటుంది, పండినా పగలదు. ఈ పగలకపోవడం దగ్గరే దాని కథంతా ఉంది.

వీటి పుట్టిల్లు వెనిజులా నుంచి చిలీ ఉత్తర భాగం దాకా ఉన్న ఆండీస్ కొండలు, ఒక్క సువావియొలెన్స్ అనే జాతి మాత్రం బ్రెజిల్ ఆగ్నేయాన సముద్రం పక్క వానల అడవులది. వెర్సికలర్ అనే జాతిది ఈక్వడార్‌లో గ్వాయాకిల్ వైపు పల్లపు నేల, దాని పువ్వు 50 సెంటీమీటర్ల దాకా సాగుతుంది, అంటే మూర పొడుగు పువ్వు. వుల్కానికోలా అయితే కొలంబియా, ఈక్వడార్ అగ్నిపర్వతాల చల్లటి వాలుల్లోది, అన్నిట్లోకీ అరుదైనది అదే.

ఇప్పుడు అంతరించడం సంగతి. కాయ పగలదు, కింద పడి అక్కడే కుళ్లుతుంది. ఎవరో ఒకరు తిని గింజల్ని దూరంగా వెయ్యాలి, కానీ విషం కాబట్టి ఇప్పుడున్న జంతువులేవీ ఆ పని చేస్తున్నట్టు కనపడదు. దక్షిణ అమెరికాలో ఒకప్పుడు ఏనుగంత నేల స్లాత్‌లనే జంతువులు, ఏనుగు జాతి మృగాలు ఉండేవి, దాదాపు పది పన్నెండు వేల ఏళ్ల కిందట అవి పోయాయి, ఈ కాయని మోసింది అవేనేమో అని వృక్షశాస్త్రజ్ఞుల ఊహ. మోసేవాడు పోయాక మొక్క ఒంటరిదైంది. అక్కడి మనుషులు కొమ్మలు విరిచి ఇళ్ల దగ్గర నాటుకోవడం మొదలుపెట్టారు కాబట్టి ఆ చేతుల మీదుగా బతికింది.

ఊటీదారి (కూనూరు):
మాది చిత్తూరు జిల్లా, పదకొండేళ్లుగా కూనూర్లో ఉంటాము. మాస్టారు చెప్పింది చదివినాక నాకొకటి తట్టింది. ఇక్కడ వాగుల పక్క, టీ తోటల కంచెల్లో, రోడ్డు మలుపుల్లో ఎక్కడ చూసినా తెల్లది, లేత నారింజది, రెండు రంగులూ ఉండాయి. పదకొండేళ్లలో నేను ఒక్క కాయ చూడలేదు. పువ్వు వాడతాది, రాలతాది, అంతే. ఎందుకు కాయ కాయదు సార్?

బోటనీ_మాస్టారు:
ఊటీదారి గారూ, సరైన చోట చెయ్యి పెట్టారు. వీటిలో ఎక్కువ జాతులకి తన పుప్పొడి తనకి పనికిరాదు, వేరే మొక్క పుప్పొడి రావాలి. మీ కొండ మీద ఎప్పుడో ఎవరో తెచ్చిన ఒకటి రెండు మొక్కల నుంచే కొమ్మలు విరిచి అందరూ నాటుకుని ఉంటారు. పైకి వెయ్యి పొదలు కనిపించినా లోపల అవన్నీ ఒకే మొక్క. వెయ్యి అద్దాల్లో ఒకే మనిషి కనపడినట్టు.

చిన్నోడు_కర్నూలు:
అన్నా ఒక డౌట్. పెరూ, ఈక్వడార్ ట్రెక్కింగ్ వీడియోల్లో కొండల్లో ఎర్ర పూల పొదలు బోలెడు కనపడతాంటాయి, సేమ్ ఇదే. మరి అడవిలో లేదని ఎట్ల రాసినారు?

కొండగాలి (బొగోటా):
తమ్ముడూ నాకూ అదే అనుమానం వచ్చి ఇక్కడ మా ఆఫీసులో ఒకాయన్ని అడిగా, ఆయనది దక్షిణాన కొండ ఊరు. ఆయన చెప్పిందేంటంటే కొండ దారిలో ఈ పొద కనపడిందంటే పక్కనే ఇల్లో, కంచో, పాడుబడిన గోడో ఉండాలి, లేదా తాతల కాలంలో ఉండి ఉండాలి. మనుషులు ఆ చోటు వదిలేసి పోయినా పొద మాత్రం ఉండిపోతుంది, చాలా ఏళ్లు బతుకుతుంది కదా. కొమ్మ విరిగి తడి నేల మీద పడితే మళ్లీ వేళ్లు వేస్తుంది. కానీ గింజ పడి మొలిచి పిల్ల మొక్కలు వరసగా పైకి లేచి ఒక తరం తర్వాత ఇంకో తరం అడవిలో తనంతట తాను నడిచేది లేదు, లిస్టులో అలా పెట్టింది అందుకే. మన దగ్గర పాత గుడి శిథిలం పక్కన గన్నేరు కనపడితే ఇక్కడ ఎప్పుడో పూజారి ఇల్లుండేదేమో అనుకుంటాం చూడు, ఇదీ అలాంటిదే.

పిట్టలదొర:
ఎర్ర పూలదంటే సాంగ్వినియా అనే జాతి అయి ఉంటది. కొండగాలి అన్నా, నువ్వు ఉండే ఊర్లనే నాకు జీవితంల ఒక్కసారి చూడాలని ఉన్న పిట్ట ఉన్నది, కత్తి ముక్కు హమ్మింగ్‌బర్డ్. తోక తీసేస్తే ఒంటి పొడుగు కన్న ముక్కు పొడుగు ఎక్కువున్న పిట్ట లోకంల అదొక్కటే. ఈ ఎర్ర పువ్వు కోసమే అన్నట్టు ఉంటది ఆ ముక్కు. ఎప్పుడన్న చూసినవా?

కొండగాలి (బొగోటా):
చూశాను! ఊరి బయట కొండ మీద ఒక తోట ఉంది, పొద్దున్నే ఏడింటికి వెళ్లాం, మంచు ఇంకా కిందే ఉంది. ఎర్ర బ్రుగ్మాన్సియాకి పువ్వు సన్నటి గొట్టంలా ఉంటుంది, తొడిమ దగ్గర ఆకుపచ్చ, నడుమ పసుపు, అంచు దగ్గరికి వచ్చేసరికి ఎరుపు, ఈనెలు గీసినట్టు కనపడతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనే లేదు. మిగతా తెల్లవి, పసుపువి రాత్రి పూట దిమ్మెక్కించేంత వాసన వేస్తాయి, వాటి కోసం పొడుగు నాలుక ఉన్న పెద్ద చిమ్మెటలు వస్తాయి, ఇది మాత్రం పిట్టని నమ్ముకుంది, పిట్టకి వాసనతో పనేముంది, రంగు చాలు.

ఆ పిట్ట వచ్చి పువ్వు కింద గాల్లో నిలబడింది, నిలబడి తల పైకెత్తి ముక్కు మొత్తం లోపలికి తోసేసింది, కళ్ల దాకా. రెండు సెకన్లు, అంతే, వెనక్కి దిగి పక్క పువ్వు. కొమ్మ మీద వాలినప్పుడు కూడా ముక్కు బరువు ఆపుకోలేనట్టు పైకెత్తి పట్టుకుని కూర్చుంది. దాని తలమీద పసుప్పచ్చ పొడి అంటుకుని ఉంది. ఇంకోటి కూడా చూశాను, కొన్ని పూలకి మొదట్లో చిన్న చిల్లు ఉంది, ఎవరు చేశారా అని చూస్తుంటే ఒక నల్లటి చిన్న పిట్ట వచ్చి ముక్కుతో పొడిచి పక్క నుంచే తేనె లాగేసి పోయింది, పుప్పొడి సంగతి దానికి పట్టలేదు.

పిట్టలదొర:
అన్నా నువ్వు రాసింది మూడుసార్లు చదివిన. చాలు ఈ వారానికి.

నైట్‌డ్యూటీ (గుంటూరు):
నేను క్యాజువాల్టీలో పని చేసే డాక్టర్ని. పూల అందం గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్పాలి. ఈ మొక్కలో ఆకు, పువ్వు, గింజ, వేరు, అన్నిట్లో స్కోపలమిన్, అట్రోపిన్, హయోసయమిన్ అనే విష రసాయనాలు ఉంటాయి, మన ఉమ్మెత్తలో ఉన్నవే. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లాణ్ణి ఒకసారి రాత్రి రెండింటికి తెచ్చారు, ఒళ్లు కాలిపోతోంది, చెమట చుక్క లేదు, మొహం ఎర్రగా కందిపోయి నోరు పూర్తిగా ఎండిపోయింది, కంటి పాపలు పెద్దవైపోయి నల్లగుడ్డు తప్ప ఏం కనపడట్లేదు. అమ్మని గుర్తుపట్టట్లేదు. గాల్లో లేని పురుగుల్ని రెండు వేళ్లతో ఏరుకుంటూ కూర్చున్నాడు, ఆ చేతులు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదుల్తాయి. పిల్లాడు బతికాడు, రెండో రోజు సాయంత్రానికి అమ్మని పిలిచాడు.

ఇంటర్నెట్‌లో కొందరు దీన్ని టీ కాచుకుని తాగితే ఏదో లోకం కనపడుతుందని రాస్తున్నారు, దయచేసి ఎవరూ నమ్మొద్దు. ఒకే చెట్టులో ఈ ఆకుకి ఆ ఆకుకి మందు పాళ్లు మారతాయి, నిన్న ఏమీ కాలేదని ఇవాళ ఏమీ కాదని లేదు.

అదే మందు లెక్క ప్రకారం ఇస్తే ప్రాణం పోస్తుంది, అది కూడా చెప్పాలి. పురుగుమందు తాగిన రైతుని తీసుకొచ్చినప్పుడు మేం మొదట అందుకునేది అట్రోపిన్ ఇంజెక్షనే. నోట్లోంచి నురగ ఆగి, ఊపిరితిత్తుల్లో గుర్రుమనే నీళ్ల చప్పుడు తగ్గేదాకా ఇస్తూనే ఉంటాం. స్కోపలమిన్ ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అతికించుకునే పట్టీల్లో వాడతారు. దానికోసం ఈక్వడార్‌లో ఎర్ర పూల రకాన్ని తోటలుగా వేసి పెంచారు కూడా.

బేఏరియా_పాదు (కాలిఫోర్నియా):
డాక్టర్ గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. పోయినేడు ఆదివారం మా బ్రుగ్మాన్సియా కొమ్మలు కత్తిరించాను, గ్లౌజులు వేసుకోలేదు, మధ్యలో కన్ను దురద పెడితే మోచేత్తో కాక వేలితోనే నలుపుకున్నాను. గంట తర్వాత అద్దంలో చూసుకుంటే కుడి కంటి పాప పెద్దగా, ఎడమది మామూలుగా ఉంది. ఫోన్‌లో అక్షరాలు ఆ కంటికి అలికినట్టు ఉన్నాయి. మావారు స్ట్రోకేమోనని ఎమర్జెన్సీకి తీసుకుపోయారు, అక్కడ తలకి స్కాన్ తియ్యాలని రాసేశారు. అప్పుడు ఒక పెద్ద నర్సు వచ్చి మీరు పొద్దున్నుంచి ఏం చేశారమ్మా అని అడిగింది, మొక్క కత్తిరించాను అనగానే ఏం మొక్క అంది. ఆ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే మూడు గంటలు వణికేవాళ్లం కాదు. రెండు రోజులకి తగ్గింది. కాబట్టి గ్లౌజులు, తర్వాత సబ్బుతో చేతులు, కత్తెర కూడా కడగాలి.

కొండగాలి (బొగోటా):
ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకి మొదట చెప్పే జాగ్రత్త కూడా ఇదే, బార్‌లో తెలియనివాళ్లు ఇచ్చిన డ్రింక్ తాగొద్దు అని. స్కోపలమిన్ కలిపి ఇచ్చి దోచుకునే ముఠాలున్నాయి, దాన్ని బురుందాంగా అంటారు.

కానీ ఈ మొక్కని దొంగల మొక్కగా మాత్రమే చూస్తే అన్యాయమవుతుంది. దక్షిణాన పుతుమాయోలో సిబుందోయ్ అనే లోయ ఉంది, అక్కడ కమెంత్సా, ఇంగా అనే ఆదివాసీలు ఉంటారు. వాళ్ల వైద్యులు ఈ పొదని ఇంటి పెరట్లో రకరకాలుగా కాపాడుకుంటూ వచ్చారు, మన ఇళ్లల్లో మామిడి అంట్లకి పేర్లున్నట్టు ఒక్కోదానికి ఒక్కో పేరు. ఒకదాని పేరు ముంచిరా, గొంగళిపురుగు అని అర్థం, ఆకులు పురుగు కొరికినట్టు ఉంటాయి. ఇంకోటి కులెబ్రా, అంటే పాము, ఆకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి. దాన్ని చూసి రిచర్డ్ ఎవాన్స్ షుల్టెస్ అంతటి పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు ఇది బ్రుగ్మాన్సియా కాదు, కొత్త ప్రజాతే అనుకుని 1955లో వేరే పేరు పెట్టాడు, తర్వాత తేలిందేమంటే అది వాళ్లు తరాలుగా కొమ్మలు నాటి నిలబెట్టుకున్న పెరటి రకం. అంటే ప్రొఫెసర్ పొరపడేంత తేడా ఉన్న రకాన్ని పెరట్లో కాపాడారన్నమాట. ఏడు జాతులూ ఈ రోజు మన కళ్లకి కనపడుతున్నాయంటే అలాంటి పెరళ్ల వల్లనే. వాళ్ల వైద్యులు ఇది అందరికీ ఇవ్వరు, నేర్చినవాళ్లే ముట్టుకోవాలంటారు, కీళ్ల నొప్పులకీ వాపులకీ మాత్రం ఆకు వెచ్చచేసి పైన కడతారు.

చిన్నోడు_కర్నూలు:
అన్నా వచ్చేటప్పుడు ఆ ఎర్రదాని కొమ్మ ఒకటి బ్యాగులో పెట్టుకోని రా, మా నల్లమల పక్క నాటుతా, ఒక్కటన్నా బతకనీ.

బోటనీ_మాస్టారు:
నాయనా, నీ మనసు మంచిదే కానీ ఆ పని చెయ్యొద్దు. బయటి దేశం మొక్క భారతదేశంలోకి రావాలంటే ఇంపోర్ట్ పర్మిట్, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్క ఆరోగ్య సర్టిఫికెట్ రెండూ కావాలి, కొమ్మతో పాటు ఏ వైరస్, ఏ తెగులు వస్తుందో కంటికి కనపడదు, అది పోయి నీ ఊరి మిరప, టమాటా చేలల్లో దిగితే ఒకే కుటుంబం కాబట్టి తేలిగ్గా అంటుకుంటుంది. ఇంకొకటి, ఎర్రది చల్లటి రాత్రులుంటేనే బతుకుతుంది, కర్నూలు ఎండకి నెల కూడా నిలవదు. అన్నిటికన్నా ముఖ్యం, నల్లమల దానికి ఇల్లు కాదు. నల్లమలకి తన మొక్కలున్నాయి.

చిన్నోడు_కర్నూలు:
సరే సార్, అర్థమయింది. మిరప చేను మాదే, ఆ మాట చాలు.

మల్లెపందిరి (హైదరాబాద్):
మరి నా కుండీదాని గురించి చెప్పండి. పూలు పైకొమ్మలకే వస్తున్నయ్, కింది నుంచి కొమ్మ నాటితే ఏడాదిన్నర అయినా పువ్వు లేదు. తెల్లదోమ, ఎర్రనల్లి రెండూ పడ్తున్నయ్.

బేఏరియా_పాదు (కాలిఫోర్నియా):
మీ కొమ్మ ఎక్కడ కోశారో అదే కారణం. మొదటి కాండం నిటారుగా పోయి ఒక ఎత్తుకి వచ్చాక పంగలా రెండుగా చీలుతుంది, ఆ చీలిక తర్వాతే పూలు మొదలవుతాయి. పంగకి పైన కోసిన కొమ్మ నాటితే త్వరగా పూస్తుంది, కింద కోసింది మళ్లీ మొదటి నుంచి ఎదిగి పంగ వేసుకోవాలి. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి, నల్లి సగం పోతుంది. నీళ్లు మాత్రం బాగా తాగుతుంది, ఎండ రోజుల్లో మా దానికి పొద్దునా సాయంత్రం రెండుసార్లూ పోస్తాను, మధ్యాహ్నం ఎండ పడకుండా చూసుకోండి.

పువ్వు విచ్చుకోవడం ఎప్పుడైనా కూర్చుని చూశారా? సాయంత్రం పొద్దు వాలుతున్నప్పుడు మొగ్గ మూసిన గొడుగు మెలి తిరిగినట్టు ఉంటుంది, మెల్లిగా మెలి వదులుకుంటుంది, ఐదు కొసలూ తోకల్లా పైకి చుట్టుకుంటాయి, అప్పటిదాకా లేని వాసన ఒక్కసారి వరండా అంతా పట్టేస్తుంది.

ఊటీదారి (కూనూరు):
వినాయక చవితి పత్రిలో దత్తూర పత్రం అని ఉంటాది కదా, ఇక్కడ కొంతమంది ఈ చెట్టు ఆకే కోసి పెడతాండారు. అది తప్పా సార్?

బోటనీ_మాస్టారు:
తప్పొప్పులు నేను చెప్పను, కానీ ఆ పత్రి ఉమ్మెత్తది. పెట్టినా చేతులు కడుక్కోండి, పిల్లల్ని ముట్టనివ్వకండి. అయితే మీకొక ఆశ్చర్యం చెప్తాను. ఉమ్మెత్తల పుట్టిల్లు కూడా అమెరికా ఖండాలే. మరి కొలంబస్ కంటే ముందే మన వైద్య గ్రంథాల్లో, శివుడి పూజలో ధత్తూరం ఎలా ఉందని ఒక పెద్ద చిక్కు ప్రశ్న. 2007లో జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్‌లో వచ్చిన ఒక వ్యాసం మన పాత గ్రంథాలు, శిల్పాలు ముందు పెట్టుకుని, క్రీస్తు శకం మొదటి వెయ్యేళ్లలోనే అది ఎలాగో సముద్రం దాటి ఇటు వచ్చి ఉండాలని వాదించింది. అంటే బ్రుగ్మాన్సియా మనకి కొత్తగా పరిచయమైన చుట్టమే గానీ, వాళ్ల అక్కయ్య ఎప్పుడో మన ఇంటి కోడలైంది.

కొండగాలి (బొగోటా):
మాస్టారూ ఈ మాట రేపు ఆఫీసులో మా వాళ్లకి స్పానిష్‌లో చెప్తాను, వచ్చినంత వరకు.

బేఏరియా_పాదు (కాలిఫోర్నియా):
మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చాను, ఈ పాత చర్చని మళ్లీ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి.

మాస్టారు వెయ్యి అద్దాల్లో ఒకే మనిషి అన్నారు కదా, అది నన్ను వదల్లేదు. మా దగ్గర ఉన్నది చార్లెస్ గ్రిమాల్డి అనే నారింజ రకం, ఆరేళ్లలో ఒక్క కాయ లేదు. రెండు వీధుల అవతల ఒక మెక్సికో పెద్దావిడ ఇంట్లో గులాబీ రంగుది ఉంది, వెళ్లి అడిగితే సంతోషంగా ఒక పువ్వు కోసిచ్చింది. సాయంత్రం ఏడింటికి నా మొక్కకి అప్పుడే విచ్చుకోబోతున్న మొగ్గని పక్కగా చీల్చి లోపల కేసరాలు తీసేసి, ఆవిడ పువ్వులోని పుప్పొడిని చిన్న బ్రష్‌తో కీలాగ్రానికి రాశాను, గ్లౌజులు వేసుకునే. ఐదు పూలకి చేశాను. నాలుగు రాలిపోయాయి.

ఐదోది నిలిచింది. పువ్వు ఊడిపోయాక తొడుగు లోపల లేత పచ్చగా ముల్లు లేకుండా నున్నగా ఒకటి ఎదుగుతోంది, ఇవాళ్టికి నా బొటనవేలి కన్నా కొంచెం పొడుగుంది. పండడానికి ఇంకా నెలలు పడుతుందంటున్నారు. గింజలు మొలిస్తే ఒక్కోటి ఒక్కో కొత్త మొక్క, ఎవరి కొమ్మా కాదు. మొదటి పిల్ల మొక్క ఆ పెద్దావిడకే ఇస్తానని మాటిచ్చాను.

నిన్న గాలి గట్టిగా వీస్తుంటే ఆ కొమ్మ బాగా ఊగింది, పాత కాటన్ చీర అంచు చింపి కర్రకి వదులుగా కట్టొచ్చాను.